తునికి మిట్ట మీద నీళ్లబాన

తాలూకాలు పోయి మండలాలు వచ్చిన మరుసటి ఎండాకాలం నేను సాగర్ నీళ్ల వెంబడి అడవిదారిన సైకిలు మీద మూడు రోజులు తిరిగొచ్చాను. నరసరావుపేటలో మా స్కూలు స్టాఫ్ రూములో ఈ ప్రయాణం గురించి కనీసం పదిసార్లు చెప్పి ఉంటాను. చెప్పిన ప్రతిసారీ రెండో రోజు మధ్యాహ్నం దాకా వచ్చి, అక్కడి నుంచి మూడో రోజు తారురోడ్డు మీదికి దూకేవాణ్ణి. వినేవాళ్లెవరూ పట్టుకోలేదు. ఎలుగుబంటి కనిపించిందా అని ఒకరు, చేపలు చవకేనా అని ఒకరు అడిగేవారు. దాటేసిన ఆ పూటను కూడా కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ఇంకో మాట కూడా ముందే ఒప్పుకోవాలి. సాగర్ చుట్టూ తిరిగానని గొప్పలు చెప్పుకున్నాను గానీ అంత నీటి చుట్టూ తిరగడం నావల్ల ఎక్కడవుతుంది! కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన నీటి పాయ ఒకటుంది. దాని చుట్టూ తిరిగాను. అదైనా పూర్తిగా కాదు. ఎందుకు కాలేదో ముందు ముందు తెలుస్తుంది.

బస్సు మీద సైకిలు

ఇదంతా పంతంతో మొదలైంది. నేను సోషల్ చెబుతాను. అడవులు, నదులు, ఆనకట్టలు అన్నీ గోడ మీది మ్యాపులో బెత్తంతో చూపిస్తాను. సెలవుల్లో సాగర్ అడవిలో సైకిలు తొక్కాలని ఉందని ఒకరోజు అన్నాను. మా లెక్కల మాస్టారు పకపకా నవ్వి, "కూరగాయలకి కూడా రిక్షా ఎక్కే మనిషివి, నీకు అడవిలో సైకిలా?" అన్నాడు. నలభై రెండేళ్ల వయసులో అలాంటి మాటకు రోషం రాకూడదు. నాకు వచ్చింది.

సైకిలును బస్సు టాపు మీద వేయించాను. కండక్టరు దానికి లగేజీ టిక్కెట్టు కొడుతూ, "దీన్ని తొక్కుకుంటా గదా సార్ పొయ్యేది, బస్సెక్కించావేంది?" అన్నాడు. బస్సంతా నవ్వింది. టాపు మీద మిరపకాయ టిక్కీలు, అంటే పెద్ద బస్తాలు, ఉన్నాయి. గురజాలలో దించేటప్పుడు ఒకటి సైకిలు మీద పడి హ్యాండిలు పక్కకు తిరిగిపోయింది. మాచర్లలో దిగి తోసుకుంటూ వెళుతుంటే చక్రం ఒకవైపు, హ్యాండిలు ఒకవైపు చూస్తున్నాయి. దారిలో ముప్పావలాకు రెండు ఇడ్లీలు తిన్నాను. నేను పుట్టింది మిరపకాయల జిల్లాలోనే, అయినా ఆ చట్నీకి నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

మాచర్లలో నేను అంతకుముందు నాలుగేళ్లు పనిచేశాను. అప్పట్లో నా సైకిలు బాగోగులు చూసినవాడు మస్తాను. బస్టాండు పక్క సందులో అతనిది రేకుల షెడ్డు. నాకంటే రెండు మూడేళ్లు చిన్నవాడు. తక్కువ మాట్లాడతాడు. చేతులు ఎంత రుద్దినా గోళ్ల చుట్టూ నలుపు పోదు. నా సైకిలు చూడగానే ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య ఇరికించి హ్యాండిలును ఒక్క గుంజుతో తిన్నగా చేశాడు. తర్వాత టైరు మీద బొటనవేలు పెట్టి నొక్కాడు.

"ఏంది సార్, దీంతోనా అడవికి? నున్నగా అరిగిపోయింది గదా. ముళ్లు చానా ఉంటయ్యి ఆడ."

"మూడు రోజులకేగా మస్తానూ, కొత్త టైరెందుకులే," అన్నాను.

అతను ఇక ఆ మాట ఎత్తలేదు. అవి తునికాకు కోసే రోజులు. బీడీల ఆకు కోసేవాళ్లు కట్టలన్నీ సైకిళ్ల మీదే మోస్తారు. వారానికోసారి మస్తాను పనిముట్ల డబ్బా కట్టుకుని అడవిలోకి వెళ్లి వాళ్ల సైకిళ్లు బాగుచేసి వస్తాడు. ఆ దారి అతనికి కొట్టినపిండి. ఎటూ వెళ్లాలి కాబట్టి నాతో కలిసి వస్తానన్నాడు.

నీళ్ల ఒడ్డున గుడిసెలు

ఊరు దాటాక కొంతసేపు నాపరాళ్లు నిలబెట్టి కట్టిన దడులే. మా వైపు పొలానికి ముళ్లకంప కడతాం, ఇక్కడ రాయి పాతుతారు. తర్వాత దడులు అయిపోయి గరుకు ఎర్రమట్టి బండ్లబాట మొదలైంది. ఇంకాసేపటికి అదీ సన్నబడి కాలిబాట అయింది. ఎత్తు వచ్చినప్పుడల్లా నేను దిగి తోస్తున్నాను. పల్లం వచ్చినప్పుడు భయపడి దిగి తోస్తున్నాను. మస్తాను మాత్రం రాళ్ల మధ్య నుంచి సీటు మీంచి లేచి నిలబడి తొక్కుకుంటూ వెళ్లి, మలుపు దగ్గర ఆగి నా కోసం చూసేవాడు. ఒక్కసారి కూడా తొందరపెట్టలేదు.

చెట్లన్నీ ఆకు రాల్చి నిలబడ్డాయి. తునికి మాత్రం లేత ఆకు వేసింది. పండిన తునికి కాయలు కింద రాలి ఉంటే ఏరుకుని తిన్నాం. సపోటాకు దగ్గరగా ఉంటుంది రుచి, గింజలెక్కువ. చెట్ల సందుల్లో నుంచి నీళ్లు హఠాత్తుగా కనిపించాయి. గోడ మీది మ్యాపులో ఆ నీటి మీద ఎన్నోసార్లు బెత్తం ఆనించాను గానీ ఇంత పెద్దదని నాకు తట్టలేదు.

పొద్దువాలే వేళకు ఒడ్డున చేపలు పట్టేవాళ్ల గుడిసెలు చేరాం. వాళ్లు శ్రీకాకుళం వైపు నుంచి బతకడానికి వచ్చినవాళ్లు. అప్పలస్వామి, అతని భార్య పైడమ్మ మమ్మల్ని ఉండమన్నారు. మాచర్లలో కిలో పది రూపాయలు పలికే చేప ఇక్కడ నాలుగుకు ఇస్తారు, అదీ బేరం ఆడకముందే. మా ఇంట్లో చుట్టం ముందు తిని, ఆడవాళ్లు చివర తింటారు. ఇక్కడ నలుగురం కూర దాక చుట్టూ చేరాం. కూర్చోబోయేసరికి నాకు ప్రాణం పోయినంత పనయింది. రోజంతా సీటు మీద రాపిడి పడిన చోటు చెప్పుకోలేనిది. పైడమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "కూకోలేపోతన్నారేటి బాబూ? నిలబడే తినీండి, తప్పునేదు," అంది. నిలబడే తిన్నాను. అంత రుచైన చేపల పులుసు మళ్లీ తినలేదు.

తునికి మిట్ట

మర్నాడు ఎక్కవలసిన మిట్ట ముందు నుంచే కనిపిస్తోంది. దానికి సరైన పేరేమిటో తెలియదు, ఆకు కోసేవాళ్లు తునికి మిట్ట అంటారు. నీళ్ల నుంచి పైకి మైలున్నర ఎక్కుడు. పైన ఒక్క చుక్క నీళ్లు లేవు. నీళ్లు మోసే సువార్తమ్మ లేకపోతే ఆ మిట్ట మీద ఆకు కోసేవాడే ఉండడని మస్తాను చెప్పాడు. అతను అంత పొడుగ్గా మాట్లాడటం అప్పుడే విన్నాను.

"రోజుకు రెండు మాట్లు దిగి నీళ్లు తెస్తది సార్. ఆకు కోసేవాళ్లు తలా ఒక కట్ట ఆమె పేరున ఏస్తారు, అదే ఆమె కూలి. ఆమె కాడ ఒకటుంది. ఎవురొచ్చినా చెంబు చేతికే ఇస్తది. నేను రిపేరుకి పొయ్యే ఊళ్లలో కొన్నిట్లో దూరంగా నిలబడమని దోసిట్లో పోస్తారు. ఈడ అట్టా కాదు. నేను ఈ మిట్ట ఎక్కేది సగం ఆ చెంబు కోసమే అనుకోండి."

నేను తలూపాను. మా ఇంట్లో కూడా పనికి వచ్చినవాళ్లు దోసిలి పట్టేవారు, మా అమ్మ పైనుంచి పోసేది. ఎండలో వచ్చినవాళ్లకు నీళ్లిచ్చామని పుణ్యం కూడా లెక్క వేసుకునేవాళ్లం. ఆ సంగతి మస్తానుకు చెప్పలేదు.

పైన రెండు బండల మధ్య నీడలో, ఇసుక పోసి దాని మీద వెడల్పు మూతి బాన ఒకటి పెట్టి ఉంది. మూతగా చెక్కపలక, దాని మీద ఇత్తడి చెంబు. పక్కన అరవై ఏళ్లావిడ కూర్చుని పుల్లలు విరుస్తోంది. బక్కపలుచని మనిషి. మెడలో నల్లదారానికి చిన్న చెక్క సిలువ.

"ఒరేయ్ మస్తానా, వారం దాటిందే! పెండ్లాం కొట్టిందా ఏంది?" అంది.

"లేదు పెద్దమ్మా. ఈ సార్‌ని తీసకరాబట్టి ఆలస్యం. పేటలో పంతులు."

ఆమె చెంబు ముంచి ముందు నాకిచ్చింది, నిండుగా. నేను ఎత్తి పోసుకోబోతే, "కరిచి తాగు పంతులూ, నేల మీద పొయ్యమాక," అంది. తర్వాత అదే చెంబు కడిగి ముంచి మస్తాను చేతికిచ్చింది. నీళ్లు చల్లగా, మట్టివాసనతో ఉన్నాయి. ఈ నియమం ఎందుకు పెట్టుకున్నావని అడిగాను. యాత్ర చేసేవాడికి అడగడం ఒక జబ్బు.

"చిన్నప్పుడు కోతలకి పోతే దోసిలి పట్టమనేవోళ్లయ్యా. అంతెత్తు మీంచి పోస్తే సగం నీళ్లు మోచేతుల మీంచి కారిపొయ్యేయి. దప్పి తీరేది కాదు. ఇంకా పొయ్యమని అడగాలంటే సిగ్గు. అప్పుడే అనుకున్నా, నాకంటూ ఒక బాన ఉంటే ఎవురికైనా సరే చెంబు చేతికే ఇస్తానని. మా ఊరు సాగర్లో మునిగిపోయింది. బాన మాత్రం మిగిలింది."

రెండో మాటు నీళ్లకు వెళ్లే వేళ అయిందని ఆమె లేచింది. బిందెలు రెండు తీసుకుని నాతో, "కూసుంటావుగా పంతులూ, కాస్త బాన చూస్తుండు. కోతులొచ్చి మూత తీస్తయ్యి," అని చెప్పి దిగిపోయింది.

బుడగలు

ఆమె వెళ్లాక నా సైకిలు వెనక చక్రం మెత్తబడి ఉండటం చూశాం. గాలి కొట్టి చూశాడు మస్తాను. బుస్సుమనే చప్పుడు లేదు, గాలి మాత్రం మెల్లగా దిగిపోతోంది. అలాంటి సన్న రంధ్రం నీళ్లలో ముంచితే తప్ప దొరకదు. మస్తాను పనిముట్లన్నీ గుడ్డ మీద పోసి డబ్బా ఖాళీ చేశాడు.

"నేను దిగి డబ్బాలో నీళ్లు తెస్తా సార్. మీరు టైరు ఊడదీసి ఉంచండి. బాన జోలికి పోమాకండి, అయ్యి తాగే నీళ్లు."

తెలియక చేశానని రాసుకునే వీలు ఆ మాటతో పోయింది. ఇప్పుడు ఆలోచిస్తే అతను నా ముఖం చూసే ఆ మాట అన్నాడేమో అనిపిస్తుంది.

టైరు ఊడదీయడానికి అరగంట పట్టింది. వేళ్లు గీరుకుపోయాయి. ట్యూబు బయటికి లాగాక మనసు ఊరుకోలేదు. అతను వచ్చేసరికి రంధ్రం నేనే పట్టి చూపించాలనిపించింది. రెండు రోజులుగా ప్రతి మలుపు దగ్గరా ఆగి నా కోసం చూస్తున్నాడు కదా, ఒక్క పనైనా నా అంతట నేను చేశానని అనిపించుకోవాలి. గాలి కొట్టి ట్యూబు చెవి దగ్గర పెట్టుకున్నాను. ఏమీ వినిపించలేదు. ఉమ్ము రాసి చూశాను. బాన వైపు చూశాను. ఒక్క మూల, ఒక్కసారి ముంచితే ఏమవుతుందిలే అనుకున్నాను. మూత తీసి ముంచాను. బుడగలు రాలేదు. ఇంకో మూల ముంచాను. మొత్తం ట్యూబు వంతులవారీగా తిప్పి తిప్పి ముంచాక వాల్వు దగ్గర సన్నగా బుడగలు వచ్చాయి. పట్టరాని సంతోషం వేసింది. ఆ సంతోషం ఇంకా గుర్తుంది, అదే నాకు ఎక్కువ సిగ్గు.

ట్యూబు మీది సుద్దపొడి, పాత ప్యాచీ దగ్గరి జిగురు, దారిలో పట్టిన మసి అన్నీ బానలో తేలాయి. చెంబుతో పైపైన తోడి పారబోశాను. అంచున నల్లటి గీత పడింది. దాన్ని వేలితో తుడిస్తే ఇంకా సాగింది. మూత పెట్టి చెంబు ఎప్పటిలాగే పెట్టాను.

మస్తాను డబ్బా నీళ్లతో పైకి వచ్చేసరికి చొక్కా తడిసిపోయింది. నేను రంధ్రం మీద గుర్తుపెట్టిన పుల్ల చూశాడు. తడి ట్యూబు చూశాడు. బాన చూశాడు.

"దేంట్లో ముంచారు సార్?"

"ఒక్కసారే మస్తానూ..."

అతను మూత తీసి వాసన చూసి, మళ్లీ పెట్టాడు. డబ్బా పక్కన పెట్టి, ఉప్పుకాగితంతో ట్యూబు రుద్ది, జిగురు రాసి, ప్యాచీ వేశాడు. పని చేస్తున్నంతసేపూ తలెత్తలేదు. అయ్యాక నెమ్మదిగా అన్నాడు: "ఆమె రాగానే చెప్పెయ్యండి సార్. తిట్టుద్ది, అంతే. ఆమె తిట్టు మంచిదే."

చెబుతానన్నాను.

దోసిలి

సువార్తమ్మ తల మీద ఒక బిందె, చంకలో ఒక బిందెతో ఎక్కి వస్తుంటే ఆమె వెనకే ఆకు కోసేవాళ్లు ఏడుగురు మోపులతో వచ్చారు. వాళ్లంతా ఒక ఊరివాళ్లు కాదు. మాటను బట్టి కొందరు బెల్లంకొండ వైపువాళ్లు, ఇద్దరు కృష్ణ అవతలివాళ్లు. మధ్యాహ్నం ఎండకు వాళ్ల పెదాలు తెల్లగా పొడిబారి ఉన్నాయి. ఒకామె మోపు దించుతూనే బాన దగ్గరికి వెళ్లి చెంబు ముంచి తాగి, వెంటనే ఊసేసింది.

"ఏందే అత్తా ఇది, రబ్బరు కంపు!"

సువార్తమ్మ బిందెలు దించి బానలోకి వంగి చూసింది. అంచు మీది నలుపును వేలితో తాకి ముక్కు దగ్గర పెట్టుకుంది. తర్వాత నా వైపు తిరిగింది.

"పంతులూ, నువ్వీడనే ఉన్నావుగా. ఎవురొచ్చారు?"

నా ఎదురుగా ఏడుగురు ఉన్నారు. తొమ్మిదో క్లాసు పిల్లలకు సత్యం గురించి చెప్పే నోరు ఇది. ఆ నోటితోనే, "కాస్త కునుకు పట్టిందమ్మా, చూడలేదు," అన్నాను.

తలపాగా చుట్టుకున్న మనిషి ఒకడు అందుకున్నాడు. "చూడాల్సిందేముంది? సాయిబు చేతులు చూడు, మసి! టూబు దీంట్లో ముంచుంటాడు."

అందరూ మస్తాను చేతుల వైపు చూశారు. అవి ఎప్పుడూ ఉన్నట్టే ఉన్నాయి. సువార్తమ్మ, "నువ్వా మస్తానా?" అని అడిగింది. కోపంగా కాదు, కాదని చెప్పమన్నట్టు అడిగింది.

మస్తాను నా వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. నాకు కావలసినంత సమయం ఇచ్చాడు. నేను వంగి చెప్పు పట్టీ సరిచేసుకున్నాను. అది సరిగ్గానే ఉంది.

"పొరపాటైంది పెద్దమ్మా," అన్నాడు మస్తాను.

ఎందుకు ఒప్పుకున్నాడో అప్పుడు అర్థం కాలేదు. కాదంటే నన్ను చూపించాలి, పదిమందిలో పంతులును చూపించడం అతనికి ఇష్టం లేదు. అంతకంటే పెద్ద కారణమేమీ లేదనుకుంటాను.

సువార్తమ్మ బానను పక్కకు వంచి నీళ్లన్నీ పారబోసింది. పొద్దుటి నుంచి మోసిన నీళ్లు బండల మధ్య ఇంకిపోతుంటే ఆకు కోసేవాళ్లు చూస్తూ నిలబడ్డారు. ఆ తర్వాత ఆమె కొత్తగా తెచ్చిన బిందె నీళ్లు ఒక్కొక్కరికీ చెంబుతో ఇచ్చింది, చేతికే. మస్తాను వంతు వచ్చేసరికి అతను చెయ్యి చాచాడు. ఆమె చెంబు వెనక్కి తీసుకుంది.

"ఆ చేతులతో ముట్టమాక. దోసిలి పట్టు."

అతను దోసిలి పట్టి వంగాడు. ఆమె పైనుంచి పోసింది. నీళ్లు మోచేతుల మీంచి కారి చొక్కా మీద పడ్డాయి. రెండు గుక్కలు తాగి, చాలన్నట్టు తల ఊపి లేచాడు.

తర్వాత నా వంతు. చెంబు నా చేతికిచ్చింది. నేను తాగాను. నిజం రాయాలంటే, దాహం వేసి ఆఖరి చుక్క దాకా తాగాను.

మస్తాను ఖాళీ బిందెలు తీసుకుని నీళ్లకు దిగబోయాడు. నేనూ వస్తానన్నాను. "మీరు కూర్చోండి సార్," అన్నాడు. ఆ మాటలో కోపం ఉన్నా బాగుండేది. రెండుసార్లు దిగి ఎక్కి బాన నింపాడు. రెండుసార్లూ ఆమె అతనితో మాట్లాడలేదు.

తారురోడ్డు

ఆ సాయంత్రం మిట్ట దిగి, ఆకు ఆరబెట్టే కల్లం దగ్గర పడుకున్నాం. కల్లం కాపలా మనిషి జొన్నరొట్టె, పచ్చిమిర్చి నూరిన గోంగూర పెట్టాడు. మా పేటలో జొన్నరొట్టె అరగదంటారు. నేనూ ఆ పూట సగం రొట్టె పక్కన పెట్టాను, కారణం జొన్నలు కావు.

అనుకున్న దారి ప్రకారం మూడో రోజు పాయ చుట్టు పూర్తి చేసి, మళ్లీ తునికి మిట్ట మీదుగా మాచర్ల చేరాలి. పొద్దున్నే మస్తాను సైకిలు ఆ దారి వైపు తిప్పాడు. నేను తారురోడ్డున పోదామన్నాను. తొమ్మిది మైళ్లు ఎక్కువ, చెట్టు నీడ లేదు, అయినా దారి చదునుగా ఉంటుందని, నా నడుము నొప్పి అని ఏవేవో చెప్పాను. అతను విని, "మీ ఇష్టం సార్," అని సైకిలు తిప్పుకున్నాడు. రోడ్డు మీద నాపరాళ్ల లారీలు దుమ్ము రేపుకుంటూ పోతుంటే మేం ఒకరి వెనక ఒకరం తొక్కాం. ఏ మలుపు దగ్గరా అతను ఆగలేదు. తారురోడ్డు మీద ఆగాల్సిన పని లేదు, అది నిజమే.

మాచర్లలో షెడ్డు ముందు దిగాక గోలీసోడా తెప్పించాను. "మస్తానూ, నిన్నటి సంగతి..." అని మొదలుపెట్టాను.

"నాకు చెప్పేదేముంది సార్, నాకు తెలుసుగా," అన్నాడు. "తెలియంది ఆమెకి." సోడా తాగి, సీసా తిరిగి ఇచ్చి రావడానికి లేచాడు.

మళ్లీ మిట్ట మీదికి

పన్నెండు రోజులు ఆగాను. ఆ పన్నెండు రోజుల్లోనే ఊళ్లో కనిపించిన స్టాఫ్ రూము మిత్రులకు ఈ ప్రయాణం సగం సగం చెప్పుకుని నవ్వించాను. ఒకరోజు ఇంట్లో మా ఆవిడ మంచినీళ్ల గ్లాసు చేతికిస్తే తీసుకోలేకపోయాను. ఎందుకని అడిగింది. మొత్తం చెప్పాను. "ఇంకా ఇక్కడ కూర్చున్నారేం?" అంది.

బస్సు దిగి, సైకిలు లేకుండా నడిచే వెళ్లాను. మిట్ట మీద సువార్తమ్మ ఒక్కతే ఉంది. ఆకు అయిపోయిందట, మనుషులు ముందురోజే వెళ్లిపోయారట. ఆమె బాన బోర్లించి కిందికి తీసుకుపోవడానికి తాడు కడుతోంది. నేను నిలబడే చెప్పాను. ట్యూబు ముంచింది నేను. మస్తాను వద్దని చెప్పినా ముంచాను. కునుకు పట్టిందన్నది అబద్ధం.

ఆమె తాడు వదిలేసి నేల మీద కూలబడింది.

"మరి ఆడెందుకు ఒప్పుకున్నాడయ్యా?"

ఆమె బిందె అడుగున కాసిని నీళ్లు మిగిలి ఉన్నాయి. ఎక్కి వచ్చిన మనిషినని చెంబులో వంచి చేతికివ్వబోయింది. నేను తీసుకోలేదు. దోసిలి పట్టి వంగాను. "నాకూ పొయ్యి సువార్తమ్మా," అన్నాను.

ఆమె ముఖం ఎర్రబడింది. "లెయ్యి ముందు! నీ తప్పు కడుక్కోడానికి నాచేత మళ్లీ ఆ పని చేయిస్తావా? నా బతుకులో ఒక్కడికే దోసిట్లో పోశా. చెయ్యని తప్పుకి పోశా. అదే నాకు చాలు. ఇంకోడికి పొయ్యను." చెంబు నా చేతిలో కుక్కినట్టు పెట్టింది. "తాగు. తాగి పొయ్యి ఆణ్ణి తీసకరా. నేనే దిగొచ్చేదాన్ని, నాకా టౌను తెలవదు."

తాగి, అటు నుంచి అటే మాచర్ల వెళ్లాను. మస్తాను ఒక చక్రం బిగించి స్పోకు పుల్లలు సరిచేస్తున్నాడు. నేను చెప్పిందంతా చక్రం తిప్పుతూనే విన్నాడు. ఆమె పిలిచిందని చెప్పినప్పుడు చక్రాన్ని అరచేత్తో ఆపాడు.

"ఆకు కోసేవాళ్లున్నారా సార్, మీరు చెప్పేటప్పుడు?"

"లేరు. ముందురోజే వెళ్లిపోయారట."

"పెద్దమ్మ ఎట్టాగూ నన్ను ఎక్కువ కాలం కోప్పడదు సార్. నేను దోసిలి పట్టింది వాళ్ల ముందర." మళ్లీ చక్రం తిప్పాడు. "పోతాలెండి. నేనొక్కణ్ణే పోతా, మీరు రావద్దు."

ఆ ఏడుగురూ ఇప్పుడు ఏ ఊళ్లలో ఉన్నారో మస్తానుకూ తెలియదు. కూలి ఎక్కడ దొరికితే అక్కడికి పోయే మనుషులు. ఈ ఏడాది ఆకు రోజుల్లో వాళ్లు మళ్లీ ఆ మిట్ట ఎక్కుతారో లేదో. ఇది చదివినవాళ్లలో ఎవరైనా అటు వెళితే, ఆకు మోపులతో ఎవరైనా ఎదురైతే, ఆగి చెప్పండి. ఆ రోజు బానలో ట్యూబు ముంచింది మస్తాను కాదు, పేట పంతులు. పేర్లు పట్టి అడగమని చెబుదామంటే, వాళ్లలో ఒక్కరి పేరు కూడా నేను అడగలేదు.